ఎడమచేతి ముడి

పొయ్యి మీద కాఫీ పెట్టి, కోళ్లకు గింజలు వేద్దామని నెల్లా పెరటి తలుపు తీసింది. పొగమంచు గడప దాకా వచ్చి నిలబడి ఉంది. సముద్రానికి అడ్డంగా ఉండే కరకట్ట కనిపించడం లేదు. పెరటి గేటు కూడా సగమే కనిపిస్తోంది. గడప పక్కన మాత్రం వల సంచి ఒకటి, నిండుగా, నల్లగా, నీళ్లు కారుతూ ఉంది. లోపల ఆల్చిప్పలు సన్నగా టిక్కు టిక్కుమంటున్నాయి.

బతికున్న ఆల్చిప్పలు అలా చప్పుడు చేస్తాయని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా నెల్లా గింజల గిన్నె కింద పెట్టి, వంగి ఆ సంచిని చూసింది.

"మారినుస్! మళ్లీ వచ్చింది" అని లోపలికి కేక వేసింది.

వంటింటి పక్క గదిలోంచి దగ్గు వినిపించింది. ఆమె భర్త మారినుస్ జ్వరంతో మంచం పట్టి మూడు రోజులైంది. పై అంతస్తు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కోడలు తన్నెకె, పట్నంలో మందుల షాపులో పనిచేస్తుంది, తల దువ్వుకుంటూనే దిగి వచ్చింది.

"ఏం వచ్చిందత్తయ్యా?"

"క్రైన్ తెచ్చాడమ్మా. చూడు, ఎంత నిండుగా తెచ్చాడో."

తన్నెకె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

క్రైన్ ఆ ఇంటి ఒక్కగానొక్క కొడుకు. సముద్రంలో ఆల్చిప్పలు పెంచే మళ్లు వాళ్లకుండేవి. తండ్రీ కొడుకులు ఒకే పడవ మీద వెళ్లేవారు. ఒక శరత్కాలంలో, ఇలాంటి మంచులోనే, క్రైన్ పడవ అంచు దాటి నీళ్లలో పడ్డాడు. మళ్లీ కనిపించలేదు. తన్నెకెకు అప్పటికి పెళ్లయి ఏడాది. ఆ తీరంలో ఒక పట్టింపు ఉంది. నీళ్లు ఎవర్నయినా తీసుకుని తిరిగి ఇవ్వకపోతే, ఆ ఇంట్లో వాళ్లు ఆ నీళ్లలో పెరిగింది తినరు. ఏం తింటున్నామో, ఎవర్ని తింటున్నామో అన్న భయం. అప్పటినుంచి ఆ పొయ్యి మీద ఆల్చిప్పలు ఉడకలేదు. మారినుస్ పడవ అమ్మేసి, కట్ట ఎక్కడమే మానేశాడు. తన్నెకె మేడ మీదే ఉండిపోయింది. ఉండమని ఎవరూ అడగలేదు, వెళ్లమనీ అనలేదు.

ఈ శరత్కాలం మొదలయ్యాక రెండు శనివారాలు ఇలాగే గడప పక్కన సంచి వచ్చింది. రెండుసార్లూ నెల్లా వాటిని చన్నీళ్లలో కడిగి, కాసేపు ఒళ్లో పిల్లాణ్ణి చూసినట్టు చూసి, మధ్యాహ్నానికి సముద్రంలో వదిలిపెట్టి రమ్మని మారినుస్‌కిచ్చి పంపించింది.

"ఈసారి వదిలిపెట్టను, వండుతాను" అంది నెల్లా, సంచిని బల్ల మీదకు చేరుస్తూ. "మూడోసారి గడప దాకా వచ్చాడు. మళ్లీ వెనక్కి పంపితే ఏమనుకుంటాడు?"

"అత్తయ్యా, దయచేసి అలా మాట్లాడకండి."

"ఎలా మాట్లాడాను?"

"ఆయన ఇప్పుడే గేటు దాటి వెళ్లినట్టు!" తన్నెకె గొంతు పెరిగింది. "ఎవరు తెస్తున్నారో నాకు తెలుసు. పోయిన శనివారం మేడ మీది కిటికీలోంచి నా కళ్లతో చూశాను. మామయ్యా! ఒకసారి ఇలా రండి."

మారినుస్ భుజాల మీద దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుంటూ వచ్చాడు. జ్వరానికి మొహం బూడిద రంగులో ఉంది.

"చెప్పండి. మీరే కదూ పెట్టింది? ఆవిడ మనసుతో ఈ ఆటలేమిటి మామయ్యా? రోజూ ఆ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసే మనిషికి, కొడుకు వస్తున్నాడని ఆశ పెడతారా? అంతకంటే పాపం ఇంకోటుందా?"

మారినుస్ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే" అన్నాడు. "ఆ రెండు సంచులూ నేనే పెట్టాను. ఎండాకాలం పోయాక మీ అత్తయ్య తిండి మానేసింది. నువ్వు పనికి పోతావు, నీకు కనపడదు. ఒక్క రొట్టె ముక్కతో రోజంతా. ఏం చెయ్యాలో తెలీక రేవుకెళ్లి ఓ సంచి కొనుక్కొచ్చా. ఆ పూట లేచింది. చేతులు ముంచి కడిగింది. మొహంలోకి కళ వచ్చింది. ఆ రాత్రి కడుపునిండా తింది. అందుకని మళ్లీ పెట్టా. నన్ను తిట్టు నెల్లా. ఏమైనా అను."

తన్నెకె అత్త వైపు భయంగా చూసింది. నెల్లా ఏడవలేదు, అరవలేదు. కాఫీ పొంగుతుంటే మంట తగ్గించింది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?" అన్నాడు మారినుస్.

"నీ ముడి నాకు తెలియదా? ఇన్నేళ్లు నీ వలలు బాగుచేసినదాన్ని. మొదటి సంచి చూడగానే తెలిసింది."

"మరి కొడుకు తెచ్చాడని..."

"కట్ట ఎక్కనని ఒట్టేసుకున్న మనిషివి, మళ్లీ రేవు దాకా నడిచావు. బట్టలకు ఉప్పు వాసన తెచ్చావు. నేను నమ్మలేదని తెలిస్తే మానేస్తావు కదా. అందుకే నమ్మినట్టున్నాను."

ముసలాయన దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తన్నెకెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇద్దరికిద్దరూ సరిపోయారు" అంది. "సరే, ఇవాళ్టిది కూడా మీరే పెట్టారు కదా. ఇంక ఈ గొడవ వదిలేద్దాం."

మారినుస్ తలెత్తాడు.

"ఇవాళ నేను పెట్టలేదమ్మా."

వంటిల్లు ఒక్కసారిగా చల్లబడినట్టయింది. సంచిలో టిక్కుమన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"మూడు రోజులుగా జ్వరం మాత్రలు మింగించింది నువ్వే కదా. నిన్న స్నానాల గది దాకా నడిపించింది కూడా నువ్వే. రేవుకెలా వెళ్తాను?"

"అందుకే వండుతానంటున్నా" అంది నెల్లా నెమ్మదిగా. "ముడి చూడండి."

ముగ్గురూ వంగారు. తాడు ఎడమవైపుకి చుట్టుకుంది. కొస కింద నుంచి దూరి మళ్లీ తన మీదికే తిరిగింది. క్రైన్‌ది ఎడమచేతి వాటం. ఆ ముడి కోసం పడవ మీద వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టాడో మారినుస్‌కు గుర్తుంది. ఎవరికీ విప్పడం రాదు, ప్రతిసారీ కత్తి వెతుక్కోవాలి.

"రేవులో ఇంకెవరో ఉండి ఉంటారు. ఎడమచేతి వాళ్లు ఆయనొక్కరేనా?" అంది తన్నెకె. ఆ మాట ఆమెకే నమ్మకంగా వినపడలేదు.

"ఉండొచ్చు" అన్నాడు మారినుస్. ఒక ఆల్చిప్పను వల పైనుంచే తడిమాడు. "ఇంత పెద్దవి మాత్రం రేవులో అమ్మడం లేదు. మన పాత మడి దగ్గర లోతులో ఉండేవి. అక్కడ ఇప్పుడెవరూ పెంచడం లేదు."

నెల్లా కత్తి తీసింది.

"కొయ్యకండి!" అంది తన్నెకె. అంత గట్టిగా ఎందుకన్నదో ఆమెకే తెలియదు. సంచిని తన వైపు లాక్కుంది. తాడు మంచులా చల్లగా ఉంది. బొటనవేలితో కొసను లోపలికి నొక్కి, పక్కకు తిప్పి లాగింది. పెళ్లయిన కొత్తలో, వంటింట్లో ఇదే బల్ల దగ్గర, వెనక నిలబడి తన చేతుల మీద చేతులు వేసి క్రైన్ నేర్పిన పద్ధతి. ముడి జారిపోయింది. ఆల్చిప్పలు గలగలమని బల్ల మీదికి దొర్లాయి. తన్నెకె ఆ తడి తాడును గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నెల్లా ఒక్కొక్కటీ కడిగి, చిప్ప అంచున అంటుకున్న పీచు లాగి, వేలితో తట్టి చూసింది. తెరుచుకున్నది మూసుకోకపోతే చచ్చినట్టే, పారెయ్యాలి. అన్నీ మూసుకున్నాయి, ఒక్కటీ పారెయ్యలేదు. పెద్ద గిన్నెలో ఉల్లిపాయ, సెలెరీ కాడలు, క్యారెట్ ముక్కలు వేసి, కాస్త తెల్ల వైన్ పోసి, ఆల్చిప్పలు గుమ్మరించి మూత పెట్టింది. ఆవిరి పట్టేకొద్దీ లోపల చిప్పలు ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలైంది. ఎవరో గిన్నె లోపలినుంచి తలుపు తడుతున్నట్టు. మారినుస్ కళ్లు మూసుకున్నాడు. నెల్లా రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఒకసారి కుదిపి, మళ్లీ మంట మీద పెట్టింది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది.

మూత తీసింది. ఇంట్లో ఎన్నో ఏళ్లుగా లేని వాసన ఆవిరితో పైకి లేచింది. చిప్పలన్నీ నోళ్లు తెరిచి, లోపల నారింజ రంగులో మెరుస్తున్నాయి.

ఎవరూ చెయ్యి పెట్టలేదు. చివరికి నెల్లాయే ఒక ఖాళీ చిప్పను పట్టకారులా పట్టుకుని, ఇంకో చిప్పలోని కండ తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

"ఉప్పు సరిపోయింది" అంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "వాడు ఆవాల సాస్ లేకుండా ముట్టేవాడు కాదు. గిన్నెడు తినేవాడు."

మారినుస్ ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఆ నోట క్రైన్ ఎప్పుడూ తింటాడు, నవ్వుతాడు, వస్తాడు. తినేవాడు అని ఆమె అనడం ఇదే మొదటిసారి. ఆయన చెయ్యి చాచి, ఒక ఆల్చిప్ప తీసుకున్నాడు.

తన్నెకె ఇంక ఆపుకోలేకపోయింది.

"అత్తయ్యా, మీకొకటి చెప్పాలి. ఎన్ని రోజుల్నుంచో చెప్పలేకపోతున్నా. షాపుకి సరుకు తెచ్చే హార్మెన్ అని... నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడు. వాళ్లది లోపలి ఊరు, సముద్రానికి దూరం. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మీరు వద్దంటే..."

నెల్లా కోడలి మొహంలోకి చూసింది.

"నిన్న అడిగితే వద్దనే అనేదాన్ని" అంది. "నువ్వు వెళ్తే, వాడొచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తిను. చల్లారితే బాగుండవు."

తన్నెకె ఏడుస్తూనే తింది. నెల్లా ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. అప్పుడు పెరటి గేటు కిర్రుమంది. గాలి లేదు. ముగ్గురి చేతులూ ఆగాయి. మారినుస్ లేవబోతే నెల్లా వారించి, తానే వెళ్లి తలుపు తీసింది. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. మంచు వెనక ఎక్కడో ఆటుకు సముద్రపు నీళ్లు కట్ట నుంచి వెనక్కి పోతున్న చప్పుడు.

గడప మీద నిలబడి, తడి చేతిని ఆప్రన్‌కు తుడుచుకుని, నెల్లా మామూలు గొంతుతో మాట్లాడింది.

"తిన్నాం నాన్నా. బాగున్నాయి. ఇంక తేవద్దు. మీ నాన్నకు కాళ్లున్నాయి, మేమే తెచ్చుకుంటాం. చలిలో తిరగకు. వెళ్లి పడుకో."

గేటు మళ్లీ కిర్రుమని, ఈసారి గడియ పడిన చప్పుడైంది. నెల్లా తలుపు మూసి వచ్చి, కోడలి పక్కన కూర్చుంది.

"ఆ హార్మెన్‌ని వచ్చే ఆదివారం భోజనానికి పిలువు" అంది. "లోపలి ఊరివాడికి ఇవి తినడం వస్తుందో రాదో. నేర్పిస్తాను."