పురికొస చుట్టిన బంతులు

హైమావతి పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి చూసేసరికి, కొడుకు ప్రవీణ్ తండ్రి చెవిలో ఏదో ఊదుతున్నాడు. పొద్దున్నే ఆ గుసగుసలు ఆమెకు నచ్చలేదు.

"ఏందిరా, నాకు చెప్పకూడని సంగతి?"

"బాబాయింట్లో బాంబులు చుడతన్నారు," అన్నాడు ప్రవీణ్. "గోడ మీంచి చూశా. బకెట్ నిండా ఉన్నయ్. పురికొస సందు లేకుండా చుట్టి, మీద గోతం కప్పారు."

హైమావతి భర్త కోటేశ్వరరావు, మరిది అంకమ్మరావు ఒక తల్లి బిడ్డలు. పోయిన పంచాయతీ ఎన్నికల్లో చెరో పార్టీలో చేరాక ఇంటి మధ్య గోడ లేచింది, మాటలు ఆగిపోయాయి. మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. తల్లిలేని పిల్ల దేవిక, అంకమ్మరావు కూతురు, హైమావతి చేతి ముద్దలు తిని పెరిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పెద్దమ్మ ఎదురైతే తల దించుకుని పోతుంది. పార్టీలు పెద్దవాళ్ళవి, ఉసురు పిల్లది.

"అంకమ్మరావు అట్టాంటోడు కాదు," అంది హైమావతి. "పోయి అడగండి. లేకపోతే పోలీసులకి చెప్పండి."

కోటేశ్వరరావు తన ఎడమచేయి చూసుకున్నాడు. రెండు వేళ్ళు లేవు. కుర్రతనంలో బాంబు చుడుతుంటే పోయాయి. "అప్పుడు పక్కన కూర్చుని పురికొస అందించింది వాడే. వాడికి చుట్టడం రాదంటావా? పోలీసులొచ్చేలోపు మన గుమ్మం ఎగిరిపోద్ది. ముందు కొట్టినోడిదే బతుకు."

ఆ ఒక్క మాట పట్టుకునే ఆ ఊళ్ళో ఎందరి తలలు పగిలాయో లెక్కలేదు. హైమావతి భర్త చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని దుడ్డుకర్ర తీశాడు. ప్రవీణ్ ఇనుప పైపు అందుకున్నాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చూసేవాళ్ళు లేరు.

అంకమ్మరావు గేదెకు కుడితి పెడుతున్నాడు. గేటు విరిగి పడిన చప్పుడుకు తలెత్తాడు. "ఏందన్నా?" అనడానికి కూడా సమయం ఇవ్వలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. ప్రవీణ్ పైపుతో మోకాలి మీద కొట్టాడు. అంకమ్మరావు కుడితి తొట్టి మీద కూలిపోయాడు. నెత్తురు, కుడితి కలిసి కాళ్ళ కిందకు పారాయి.

"చంపుతావంట్రా నన్ను? తోడబుట్టినోణ్ణి!" కోటేశ్వరరావు మళ్ళీ కర్ర ఎత్తాడు.

"పెదనాన్నా, కొట్టొద్దు!"

దేవిక వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో పురికొస చుట్టిన బంతి.

"నాన్నా, దాని చేతిలో బాంబు!" అని అరిచాడు ప్రవీణ్.

ఎత్తిన కర్ర అటు తిరిగింది. పిల్ల నుదురు చిట్లింది. బంతి జారి మెట్ల మీదుగా దొర్లింది. తండ్రీ కొడుకులిద్దరూ చెవులు మూసుకుని పేడలో బోర్లా పడ్డారు.

ఏమీ పేలలేదు. బంతి చివరి మెట్టుకు కొట్టుకుని, పురికొస విడిపోయి రెండు ముక్కలైంది. లోపల ఎండిన బంకమన్ను.

ఎంత మీసం ఉంటే ఏం, పేడలోంచి లేచినవాడి మొహం చూడలేం. కోటేశ్వరరావు ఆ మట్టి పెళ్ళను చిదిపి చూశాడు. వాసన చూశాడు. మందు లేదు, గాజుపెంకు లేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన హైమావతి పిల్లను ఒళ్ళో వేసుకుని, కొంగుతో నెత్తురు అదుముతూ, "అమ్మా దేవీ, కళ్ళు తెరువమ్మా," అని గుండెలు బాదుకుంటోంది.

కబురు తెలిసి హైమావతి కూతురు భార్గవి బడి నుంచి పరుగున ఆసుపత్రికి వచ్చింది. సర్కారు బళ్ళలో లెక్కలు, సైన్సు చేతులతో చేసి నేర్పే ఒక సేవాసంస్థలో ఆమె పనిచేస్తోంది. మండలంలో బడులన్నీ తిరుగుతుంది. ఇంజనీరింగ్ చదివి మట్టి పిసకడమేందని తండ్రి ఎప్పుడూ వెక్కిరించేవాడు.

దేవిక నుదుటికి కుట్లు పడ్డాయి. స్పృహ వచ్చిందని చెప్పాకే భార్గవి తండ్రి వైపు తిరిగింది.

"ఆ బంతులు నేను చేయించినవి నాన్నా. క్లాసు మొత్తానికి. బంతి నిండా పురికొస చుట్టి, విప్పి, అంతే వెడల్పున్న వృత్తాల్లో పరిస్తే సరిగ్గా నాలుగు నిండుతయ్. బంతి ఉపరితల వైశాల్యం లెక్క అదీ. మా దేవికకి లెక్కలంటే ప్రాణం. మట్టి పగలకుండా నీడన ఆరబెడతానని అన్నీ తనే ఇంటికి తెచ్చుకుంది."

"నాకేం తెలుసమ్మా? చూస్తే అట్టాగే..."

"బయటి ఊరి పిల్లలకి అది బంతి. మన ఊళ్ళోనే బాంబు. ఇక్కడే పుట్టి నేను ఆ మాట ఆలోచించలా. అది నా తప్పే. కానీ ఒక్క మాట అడిగితే పోయేదిగా నాన్నా! గోడ అవతలే కదా ఉంది!"

కూతురు అరిచినా బాగుండేదనిపించింది కోటేశ్వరరావుకు. ఆమె ఏడుస్తోంది.

కేసు రాసుకోవడానికి కానిస్టేబుల్ వచ్చాడు. పక్కమంచం మీద చేతికి, కాలికి కట్లతో అంకమ్మరావు ఉన్నాడు. గుమ్మం దగ్గర అతని మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలా. గడ్డివామి మీంచి పడ్డా. పిల్ల పట్టుకోబోయి అదీ పడింది." అంకమ్మరావు అన్న వైపు చూడలేదు. "రాసుకుని పోండి సార్. మాది మేం చూసుకుంటాం."

ఆ మాటకు అర్థం హైమావతికి తెలుసు. అది క్షమించినవాడి మాట కాదు. జైలుకు పోతే మనిషి చేతికి అందడు కాబట్టి బయటే ఉండనిస్తున్నాడు. రేపో ఎల్లుండో ఏ పొలంగట్టునో తన భర్త శవమో, కొడుకు శవమో దొరుకుతుంది. ఆ తర్వాత పగ తీర్చుకోవడం ఇటువాళ్ళ వంతు.

"పడలా," అంది దేవిక.

గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినిపించింది.

"నువ్వూరుకో అమ్మా," అన్నాడు అంకమ్మరావు.

"నాన్న పడలా సార్. పెదనాన్న కర్రతో కొట్టాడు. ప్రవీణన్న పైపుతో కొట్టాడు. నన్ను పెదనాన్న కొట్టాడు. నేను చూశా."

కోటేశ్వరరావు తల వంచుకుని ముందుకొచ్చాడు.

"పిల్ల చెప్పిందే నిజం. నేనే కొట్టా. రాసుకోండి. ఒరేయ్ ప్రవీణూ, నువ్వు కూడా రా."

"నాన్నా!" అన్నాడు ప్రవీణ్ బెదిరిపోయి.

"రారా. ఈ పిల్లకున్న పాటి ధైర్యం మనకి లేదంట్రా?" తమ్ముడి మంచం దగ్గర ఆగాడు. "ఒరేయ్ అంకా, నిన్ను ఎత్తుకు తిరిగిన చేత్తోనే నీ చెయ్యి విరగ్గొట్టాను. క్షమించమని అడగను. నాకా మొహం లేదు."

అంకమ్మరావు గోడవైపు మొహం తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

కోటేశ్వరరావు కానిస్టేబుల్ వెనక గుమ్మం దాటబోతుంటే దేవిక పిలిచింది.

"పెదనాన్నా."

వెనక్కి తిరిగాడు. దగ్గరికి రాబోతే పిల్ల పెద్దమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. అది చూసి అక్కడే ఆగిపోయాడు.

"మళ్ళా కొట్టవుగా?"

కోటేశ్వరరావు నేలమీద కూలబడి బావురుమన్నాడు. "కొట్టను తల్లీ. చచ్చినా కొట్టను."

గదిలో అందరి కళ్ళూ తడిసిపోయాయి. అంకమ్మరావు మొహం ఇటు తిప్పాడు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళతో గుమ్మం దగ్గరున్న తన మనుషులను చూశాడు.

"మీరింకా ఏం చూస్తన్నార్రా? ఇళ్ళకి పోండి. మా అన్న మీద చెయ్యేసినోడు నాకు శత్రువే."