వదులైన మర

“మాతెలో గొట్టం కదిపావా?” అడిగింది నెలిదా. గొట్టంతో పీల్చే ఆ ఆకు టీ మొదటి గుక్కకే నోట్లో ఆకుపొడి పడింది.

“కదిపాను. ఉరి తీస్తావా?” విల్మార్ అద్దం ముందు అత్తరు కొట్టుకుంటున్నాడు.

“కదిపినవాళ్ళని తిట్టేది నువ్వే కదా!”

“పొద్దున్నే మొదలెట్టకు తల్లీ. ఇవాళ ఇరవై తొమ్మిదో తారీఖు, అమ్మ బంగాళదుంపల నోకీ ఉండలు చేస్తోంది. భోజనానికి వచ్చెయ్.”

మొగుడూ పెళ్ళాలిద్దరూ గూఢచారి శాఖ ఏజెంట్లే. అందంతో పని లాగడం అతని వంతు, కంప్యూటర్లు ఆమె వంతు.

మాంటెవిడియోలో మనిషి హత్యనైనా ఒప్పుకుంటాడు గానీ, గొట్టం కదిపానని ఒప్పుకోడు. ఇతనేమో అడగ్గానే ఒప్పుకున్నాడు. నెలిదా స్నానాల గదిలో గొట్టం అడుగునున్న జల్లెడ బుడ్డి విప్పింది. రహస్యపు అరలో, ఆమె కాపలాలో ఉన్న ఆనకట్ట కంప్యూటర్ తాళం, గోరంత చిప్, అలాగే ఉంది. బుడ్డి మర మాత్రం వదులు. ఎవరో తీసి, నకలు చేసి, తిరిగి పెట్టారు.

ఏడుపు రాలేదు. పళ్ళు తోముకుంది.

ఫోన్ మోగింది. “తడిసిన గుర్రం,” సంకేతం చెప్పాడు పై అధికారి కర్నల్ బెర్ముదెస్.

“గడ్డి మేసింది,” అంది నెలిదా.

“విదేశీ ముఠా చేతికి తాళం నకలు చిక్కింది. మిట్టమధ్యాహ్నం ఆనకట్ట తలుపులు ఎత్తేస్తారు. దిగువన ఊరుంది. తాళం మార్చెయ్.”

“మారిస్తే పారిపోతారు సార్. రానివ్వండి.”

ఆనకట్ట కంట్రోల్ రూమ్‌లో ఆమె ఆయుధం ఒక బుల్లి హైపర్‌వైజర్. ఒకే యంత్రాన్ని గదులుగా విడగొడుతుంది. ఏ గదిలోని సిస్టమ్‌కి ఆ గదే లోకం. చిన్న ప్రోగ్రామ్ కనుక దూరే సందులూ తక్కువే. నకిలీ నీళ్ళు, నకిలీ తలుపులతో ఇంకో ఆనకట్ట సిద్ధం చేస్తోంది.

“మేడమ్, ముందే వచ్చేశారు!” అరిచాడు ఆపరేటర్. “మీ తాళంతోనే!”

ఆమె మీట నొక్కింది. రెప్పపాటులో కొత్త గది లేచింది. దొంగ తాళం అందులోకే తెరుచుకుంది. తెర మీద తలుపులన్నీ పైకి లేచాయి. కిటికీలోంచి చూస్తే ఒక్కటీ కదల్లేదు. వాళ్ళు ఎక్కడి నుంచి దూరారో పట్టుకుని, నెలిదా ఆ గదిని తుడిచేసింది.

రేవులో ఒక పడవ మీద ముఠా దొరికింది. వాళ్ళు చెప్పిన పేరు ఆమెకి కొత్త కాదు.

భోజనాల దగ్గర, ఇరవై తొమ్మిదో తారీఖు ఆనవాయితీగా అందరి కంచాల కిందా అదృష్టం కోసం నోటు పెట్టింది అత్తగారు. విల్మార్ కంచం ఎత్తి చూశాడు. నోటు మీద నెలిదా పెట్టిన చిప్ ఉంది. అతని ఫోర్కు ఆగిపోయింది.

“అత్తయ్యా, ఇవాళ్టి నుంచి మీ అబ్బాయి ఇక్కడ ఉండడు,” అంది నెలిదా. “కింద మా శాఖ కారు ఆగి ఉంది. తిన్నాక తీసుకెళ్ళమన్నాను, మీరంత కష్టపడి చేశారని.”

“మరి నువ్వో?” అందావిడ, గరిటె పట్టుకునే.

“నేనిక్కడే. కొత్త గొట్టం కొనుక్కోవాలి.”