మేడగది నుంచి పంపినవి

తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డులో, మామిడి షెడ్ల వెనక ఒక మేడగది ఉంది. పొద్దుగూకాక అక్కడి నుంచి పంపింది చేరదని దానికి పేరు. మొదట్లో అందులో కొరియర్ ఆఫీసు నడిచింది. ఎనిమిది నెలలకే మూతపడింది. తర్వాత రామలింగేశ్వరరావు గారు మామిడి వ్యాపారానికి అద్దెకు తీసుకున్నారు. ఆ మాట ఎవరన్నా అంటే నవ్వేవారు.

పోయిన జ్యేష్ఠంలో, ఆ గదిలోనే, కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా ప్రాణం పోయింది.

అప్పటి నుంచి కింద షెడ్లో కాపలా ఉండేవాళ్ళు రాత్రిపూట పైకి చూడరు. కీబోర్డు చప్పుడు వినిపిస్తుందంటారు.

వ్యాపారం ఇప్పుడు ఆయన భార్య మహాలక్ష్మి గారిది. మెయిళ్ళు చూసేది రెడ్డిగూడెం అమ్మాయి కన్యక. చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ రోజు వెళ్ళలేదు.

వాళ్ళ నాన్న లారీ గేటు దగ్గర ఉంది.

తొమ్మిది టన్నుల కలెక్టరు రకం మామిడికాయలు, వాళ్ళ తోటవే. గేటు చిత్తూరు వైపు ఒక గుజ్జు ఫ్యాక్టరీది. ఈ ఆఫీసు మెయిల్ అడ్రసు నుంచి సరుకు కాగితాలు అందితే ఫ్యాక్టరీ ఒక టోకెన్ నంబరు తిరిగి మెయిల్ చేస్తుంది. ఆ నంబరు చెబితేనే గేటు తీస్తారు. రాత్రి పదింటికి గేటు మూస్తే మళ్ళీ మూడు రోజులకు గానీ తెరవరు. అప్పటికి కాయ లారీలోనే కుళ్ళిపోతుంది.

ఏడున్నరకు కన్యక మొదటిసారి పంపింది. జవాబు లేదు. పంపిన మెయిల్ ఉందో లేదో చూద్దామని తెరిచింది... అక్కడ లేదు.

మళ్ళీ పంపింది. ఉంది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి – లేదు.

ఫ్యాక్టరీ ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

"టోకెన్ వచ్చిందా తల్లీ?" అన్నాడు నాన్న అవతలి నుంచి. "వాచ్‌మన్ నంబరు నంబరు అంటున్నాడు."

"వస్తుంది నాన్నా."

ఎనిమిదింబావుకు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే జానీబాషాకు ఫోన్ చేసింది. అతను మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఫోన్లో లైటు వేసుకుని పైకొచ్చాడు.

"భయమేసిందా అన్నా?"

"చెప్పు తెగింది," అన్నాడు. రెండు చెప్పులూ బాగానే ఉన్నాయి.

అడ్రసు అక్షరం అక్షరం చూశాడు. సరిగానే ఉంది. స్పామ్ చూశాడు. చెత్తబుట్ట చూశాడు. ఖాళీ. మెయిల్లో జాగా కావలసినంత ఉంది. ఇంకోసారి పంపించాడు. ఇద్దరూ రెప్ప వేయకుండా చూస్తున్నారు. నలభై సెకన్లు ఉంది...

పోయింది.

బాషా కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ కుర్చీ ఎవరిదో గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. నిలబడే, ఈ మెయిల్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే జాబితా తీశాడు. రెండే ఉన్నాయి. ఒకటి ఈ కంప్యూటర్.

రెండోది ఒక ఫోను. పేరు – రామలింగేశ్వరరావు. చివరిసారి వాడింది – ఇప్పుడే.

"దెయ్యానికి పాస్‌వర్డు ఎవరిచ్చారు చెల్లెమ్మా?" అన్నాడు బాషా. నవ్వుదామనుకున్నాడు. తలుపు వైపు చూశాడు.

తొమ్మిది ఇరవైకి ఇద్దరూ మహాలక్ష్మి గారింటి తలుపు తట్టారు. ఆవిడ తీసింది. లోపల ఆయన ఫోటో, దాని ముందు దీపం, దీపం పక్కన చార్జింగులో ఫోను. వెలుగుతోంది.

"ఆయన ఫోనేనా అమ్మగారూ?" కన్యక గుసగుసగా అడిగింది.

"ఆయనదే. ఏడాది తిరగకుండా ఆయన వస్తువు మూలన పడేయకూడదని నెలనెలా రీచార్జి చేయిస్తున్నా." ఆవిడ ఫోను వైపు చూసింది. "దీపం పెట్టాక బేరం మాట వద్దనేవారు. సాయంత్రం ఇంటికి రాగానే ఫోను నా చేతికిచ్చి, టింగుమన్నవన్నీ తుడిచెయ్యమనేవారు. నాకా ఇంగ్లీషు రాదు. ఇప్పటికీ తుడుస్తూనే ఉన్నా. బుట్ట కూడా ఖాళీ చేసేస్తా."

బాషా గోడకు చేరగిలబడి ఊపిరి వదిలాడు. "ఓర్నాయనో! అమ్మగారూ, మీరేనా ఆ దెయ్యం?"

కన్యకకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టోకెన్ వచ్చే ఉంటుంది. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చి ఉంటుంది. మూడుసార్లూ ఈ దీపం ముందే చెరిగిపోయింది.

"ఈవేళ చాలాసార్లు టింగుమందా అమ్మగారూ?"

"ఏమో అమ్మాయ్, లెక్కపెట్టలేదు."

బాషా ఆ ఫోనులోంచి మెయిల్ తీసేసి, ఫోను ఆపి, జేబులో పెట్టుకున్నాడు. కన్యక తన ఫోనులోనే ఆఫీసు మెయిల్ తెరిచి కాగితాలన్నీ మళ్ళీ పంపింది. తొమ్మిదీ నలభై ఒకటి. ఇంక తుడిచే చెయ్యి లేదు.

మహాలక్ష్మి గారు మంచినీళ్ళు తెచ్చింది. విషయమంతా విని నొచ్చుకుంది. "ముందే చెప్పకపోయావా తల్లీ! మీ నాన్న కాయలని నాకేం తెలుసు?"

"మీ తప్పేం లేదండి. ఇకమీదట మేం పంపినవి మాత్రం తుడవకండి, చాలు."

"పంపినవా?" ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "నేను తుడిచేది వచ్చినవేనే. పంపినవి ఎక్కడుంటాయో నాకు తెలీదు."

బాషా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ఫోను అక్కడే ఉంది. ఆపేసే ఉంది.

కన్యక తన ఫోనులో పంపిన మెయిళ్ళు తెరిచింది. పొద్దుట నుంచి పంపినవన్నీ వరసగా ఉన్నాయి. చివరిది సాయంత్రం ఆరు దాటి అయిదు నిమిషాలది.

దాని తర్వాత ఏమీ లేదు.

మళ్ళీ పంపింది. మళ్ళీ. ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి వంగి చూస్తుండగానే ఒక్కొక్కటీ, ఎవరో నిదానంగా ఏరి తీసినట్టు... పోయింది.

పదికి రెండు నిమిషాలుండగా ఫోను మోగింది. నాన్న.

"గొలుసులు వేస్తున్నారమ్మా... నంబరు చెప్పు తల్లీ, తొందరగా..."