ఏరు దాటాక కథ

ఆ ఉదయం వంటింట్లో నోరు తెరిచింది కుక్కరొక్కటే. రోజూ ఈపాటికి పాలు పొంగించడం కోడలి పొరపాటనీ, పొంగకుండా ఆపడం అత్తగారి గొప్పనీ ఒకసారైనా తేలిపోయేది. ఇవాళ పాలు పొంగి పొయ్యంతా పారినా గదిలోంచి ఉలుకూ పలుకూ లేదు. కోడలికి భయం వేసింది అందుకే.

ఆమె బడిలో ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే కూతురు కూడా ఆ తరగతే. ఈ నెల పాఠం జానపద కథలు. కథ చెప్పి, అందులో థీమ్ ఏమిటో, పెద్దవాళ్ళు ఏ విలువలు దాచిపెట్టారో పిల్లలచేత రాయించాలి. పుస్తకంలోని కథ మరీ చప్పగా ఉందని, నిన్న ఆమె అత్తగారి కథ చెప్పింది.

పాలు తుడిచి హాల్లోకి వస్తే, గుమ్మం దగ్గర జిప్పు వేసిన సంచీ, దాని పక్కనే అత్తగారు.

"ఎక్కడికత్తయ్యా?"

"మా అమ్మాయి ఇంటికి. అక్కడ నా మీద పాఠాలు చెప్పేవాళ్ళు లేరు."

కోడలు కూతురి వైపు చూసింది. కూతురు పళ్ళెంలోని రొట్టెముక్క వైపు చూసింది. మొగుడుగారు అప్పటికే పేపరు వెనక తలదాచుకున్నారు.

"నేనేం చెప్పలేదమ్మా. నా వర్క్‌షీట్ నాన్నమ్మకి చదివి వినిపించానంతే. పదికి పది వచ్చాయి కదా."

"ఇంకోసారి చదువు," అంది అత్తగారు.

పిడుగు నసుగుతూ చదివింది. కథలో అత్తగారు కొట్టుగది తాళంచెవి గుప్పిట్లోంచి వదలదు. ఏరు దాటుతుంటే పడవ బోల్తా పడుతుంది. తాళంచెవి వదిలేసి చెయ్యందుకోమని కోడలు అరుస్తుంది. ఆవిడ గుప్పిట విప్పదు, మునిగిపోతుంది. థీమ్, పెత్తనం మనిషిని ముంచుతుంది. విలువ, పెద్దవాళ్ళు వేళకి పక్కకి తప్పుకోవాలి.

"తర్వాత మీ అమ్మ ఏమందో?"

"ఇలాంటి తాళాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి అంది. అందరూ నవ్వారు."

"నువ్వో?"

పిడుగు తల వంచుకుని వర్క్‌షీట్ అంచు మడతపెట్టసాగింది.

"నవ్వింది," అంది అత్తగారు. మెడలోని తాడుకు వేలాడుతున్న బీరువా తాళంచెవిని పట్టుకుంది. "సాయంత్రం పిల్ల కోసం బడి గేటు దగ్గర దీన్ని వేసుకుని నిలబడేది నేనే కదా. నవ్వరూ మరి."

కోడలి మొహం కందిపోయింది. తప్పు చేసినవాళ్ళకే గొంతు ముందు లేస్తుంది.

"నేను కల్పించానా? దాన్ని పడుకోబెడుతూ రోజూ మీరు చెప్పే కథే. పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటూ నా చెవులతో విన్నాను. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆ బీరువాలో ఏముందో నాకు తెలుసా?"

"సరే. ఆవిడ మునిగిపోయాక ఏమైంది?"

"ఏమవుతుంది? కథ అయిపోయింది."

"కథ అయిపోలేదమ్మా, పిల్ల నిద్రపోయింది. ఏట్లో ఆవిడ మునిగేసరికి దానికి రోజూ కన్నంటుకుంటుంది, నేను ఆపేస్తాను. గోడవతల బడిపంతులమ్మ వింటోందని నాకేం తెలుసు?"

కోడలు కుర్చీలో కూలబడింది.

"కోడలు ఇంటికొచ్చి తాళం పగలగొట్టింది," అత్తగారు సంచీ వైపు చూస్తూ చెప్పింది. "లోపల గింజ లేదు. అన్నీ ఖాళీ కుండలే. కరువొచ్చి ఎన్నాళ్ళయిందో ఆ ముసలిదానికొక్కదానికే తెలుసు. ఇంట్లోవాళ్ళు గుండె జారిపోతారని గుప్పిట మూసుకుని తిరిగింది. వెనకాల పిల్లలు, కొట్లో ఏముందమ్మా అన్నారు. కోడలు తలుపు మూసి కొత్త తాళం వేసింది. నిండుగా ఉందిరా, వానలు పడ్డాక తీద్దాం, అంది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది."

పేపరు కిందికి దిగింది.

అత్తగారు మెడలోని తాడు తీసి బల్ల మీద పెట్టింది. "తీసి చూసుకో."

కోడలు లేచింది. తాడందుకుని, తిరిగి ఆవిడ మెడలోనే వేసింది.

"వద్దత్తయ్యా." కళ్ళు తుడుచుకుంది. "పదిమందిలో మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. అదే పదిమందిలో సరిదిద్దుకోనివ్వండి. ఇవాళ బడికి రండి, మిగతా కథ మీరే చెప్పండి. నేను ఇంగ్లీషులోకి మారుస్తాను."

"నువ్వు మార్చగలవని తెలుసులే. నిన్ననే చూశాగా."

ఏడుస్తూనే నవ్వొచ్చింది కోడలికి. బల్ల దగ్గర పిడుగు రబ్బరు పట్టుకుని, థీమ్ అని రాసిన చోట కాగితం చిరిగేలా రుద్దుతోంది.

"పది మార్కులూ పోతాయే," అన్నాడు తండ్రి.

"పోనీ నాన్నా."

పిల్ల లేచి సంచీని ఈడ్చుకుంటూ గదిలోకి తీసుకుపోయింది. నాన్నమ్మ అడ్డు చెప్పలేదు. తల దువ్వుకుని, బట్టలు మార్చుకుని, మెడలో తాళంచెవితోనే బయటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పుల కోసం వంగి, ఆగింది.

"ఇవాళా నవ్వుతారేమో వాళ్ళు."

కోడలు ముందుకొచ్చింది. వంగి, చెప్పులు ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిపింది.

"నవ్వనీలే," అంది అత్తగారు, ఆమె భుజం ఊతగా పట్టుకుని చెప్పులు తొడుక్కుంటూ. "ఏటి దాకా నవ్వనీ. అక్కణ్ణించి నేను చూసుకుంటాను."