చెప్పి పోవాలె

ఆ ఆదివారం పొద్దున కూడా పరశురాములు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ప్రమీల వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతుంటే బయట బండి స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. పిండి చేతితోనే వాకిట్లోకి వచ్చి చూసింది. గేటు బార్లా తెరిచి ఉంది. తెల్లవారి లేచి వేసిన ముగ్గు మీదుగా టైరు గీత పోయింది. సింకు కింద పైపు కారుతోందని నిన్న చెప్పింది. ఈ రోజు కూతురు వస్తోంది, మటన్ తెచ్చిపెట్టమని కూడా చెప్పింది. అన్నింటికీ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కి అర్థం ఏమిటో పైనున్న దేవుడికే తెలియాలి.

పరశురాములు ఒకప్పుడు లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని కాకినాడ దాకా తోలేవాడు. ఇరవై నాలుగేళ్ళ కొడుకు మహేశ్వర్ బ్లడ్ క్యాన్సర్‌తో పోయాక స్టీరింగ్ ముట్టలేదు. రెండేళ్ళుగా ఆయన పని వేరు. ఇక మందులతో నయం కాదని దవాఖాన వాళ్ళు ఇంటికి పంపేసిన రోగులను చూడడానికి గౌరీబాయి అనే నర్సు ఊరూరా తిరుగుతుంది. ఆమె వెంట జీతం లేకుండా తిరిగే నలుగురైదుగురిలో ఈయన ఒకడు. పుండ్లు కడుగుతాడు, పక్క మీద ఒత్తిగిల్లబెడతాడు, వాళ్ళు చెప్పేది వింటాడు. మనిషి పోయాక కూడా ఆ ఇంటికి వెళ్ళి, ఏడ్చేవాళ్ళ దగ్గర కూర్చుని వస్తాడు.

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ప్రమీలతో అనేవాళ్ళు, "మీ ఆయన దేవుడక్కా, మా అత్తమ్మ పోయినప్పుడు గంటలు గంటలు కూసొని మాట్లాడిండు" అని. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు మిషను సూది వేలిలో దిగినట్టుండేది. గంటలు గంటలు మాట్లాడే ఆ దేవుడు ఇంట్లో అన్నం పెట్టమని కూడా నోరు తెరిచి అడగడు. కంచం తీసుకుని కూర్చుంటాడు. కొడుకు పేరు ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ పలకరు. పలికితే ఆయన లేచి బయటికి పోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ ఒక్కటే గెలుచుకున్నాడు.

అన్నింటికన్నా ఆమెను కోసేది ఆ చెప్పకుండా పోవడం. ఈ దిక్కున చావింటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు "పోయొస్త" అనరు. అలా అంటే మళ్ళీ అటువంటి పనికే రావలసి వస్తుందని భయం. తలవంచుకుని, చెప్పులు వేసుకుని, మాట లేకుండా కదిలిపోతారు. కొడుకు పోయినప్పటి నుంచి పరశురాములు సొంత గడప అలాగే దాటుతున్నాడు. పెళ్ళయిన కొత్తలో లారీ ఎక్కాక వీధి చివరి నుంచి కూడా హారన్ కొట్టి "పోయొస్తనే" అని అరిచిన మనిషి.

పది దాటాక కోదాడ నుంచి దీప వచ్చింది. తల్లి ముఖం చూసింది, ఖాళీగా ఉన్న కుర్చీ చూసింది, బ్యాగు కింద పెట్టకుండానే కోపం తెచ్చుకుంది. తను వస్తున్న సంగతి నాయినకు చెప్పావా లేదా అని అడిగింది. చెప్పానంది ప్రమీల. అయితే ఇక చాలు, కొన్నాళ్ళు మా ఇంటికి రమ్మంది. పోయిన దసరా నుంచి ఆ పిల్ల అదే మాట అంటోంది. ఆయనకు తిండి ఎవరు పెడతారని తల్లి దాటవేస్తూ వచ్చింది.

"ఈ ఇంట్లో నువ్వు ఉన్నావో లేవో కూడా ఆయన చూడడం లేదమ్మా" అంది దీప. "బట్టలు సర్దుకో. నువ్వు లేనప్పుడన్నా తెలుస్తుంది."

"కోదాడ పోయినంక మాట మారింది గాని, తెలివి బాగనే వచ్చింది నీకు" అంది ప్రమీల. ఈసారి దాటవేయలేదు. బీరువా తెరిచి చీరలు తీసింది. ఎన్ని రోజులకని దీప అడిగితే, తిరిగి వచ్చేది తర్వాత చూసుకుందాంలే అంది. ఆ మాటకు దీపే కొంచెం భయపడింది.

ఇంటికి తాళం వేయబోతుంటే తెలిసింది, పరశురాములు తన తాళంచెవి టీవీ పక్కన మరిచిపోయి వెళ్ళాడని. పక్కింటి దానియేలు వాళ్ళ చేతికి ఇద్దామంటే అందరూ ప్రార్థనకు వెళ్ళారు. పూలకుండీ కింద పెట్టి పోదామంది దీప. ప్రమీల ఒప్పుకోలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడ బస్సు నేరేడుచర్ల మీదుగానే కదా పోయేది. ఈ రోజు ఆయన ఉండేది అక్కడే, మల్సూర్ అనే రోగి ఇంట్లోనని గౌరీబాయికి ఫోన్ చేసి తెలుసుకుంది. ఆ తాళంచెవి ఆయన చేతిలో పడేసి, తను వెళ్తున్నట్టు ముఖం మీద చెప్పాలనుకుంది. చెప్పకుండా పోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు చూపాలని కూడా అనుకుంది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

మల్సూర్ ఇల్లు రైసుమిల్లు వెనక సందులో ఉంది. బతుకంతా మిల్లుల్లో బస్తాలు మోసిన మనిషి, గొంతు క్యాన్సర్‌తో చిక్కి మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. మంచం రేకుల పందిరి కింద వేశారు. సూర్యాపేట నుంచి చుట్టాలు చూడడానికి వచ్చినట్టున్నారు. ప్రమీల, దీప గోడ పక్కన ఆగారు. ఒక పెద్దాయన లేచి తువ్వాలు దులుపుకుని చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదిలారు. మంచం మీది మనిషి కళ్ళు వాళ్ళ వెంట గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాయి.

పరశురాములు మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. తడిగుడ్డతో మల్సూర్ పెదాలు తుడుస్తూ ఏదో చెబుతున్నాడు. ఎప్పుడో రాజమండ్రి వంతెన మీద లారీ ఆగిపోతే క్లీనరు నిద్రలో చేసిన గోల. చెప్పడం కాదు, ఆ క్లీనరు గొంతు కూడా తీసి చూపిస్తున్నాడు. మల్సూర్ భుజాలు నవ్వుతో కదిలాయి. ఆయన భార్య బాలనర్సమ్మ కూడా కొంగుచాటున నవ్వింది. భర్త నోట అటువంటి గొంతు ప్రమీల విని రెండేళ్ళయింది. ఈర్ష్య అంటే ఏమిటో పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమెకు తెలియదు. ఆ పందిరి కింద తెలిసింది.

కథ అయ్యాక పరశురాములు లేచాడు. వంగి మల్సూర్ చెయ్యి పట్టుకున్నాడు.

"మల్సూరన్నా, పోయొస్త. బుధారం మల్ల వస్త" అన్నాడు, అందరికీ వినిపించేలా. మల్సూర్ కష్టపడి చెయ్యి లేపాడు.

ప్రమీలకు ఒళ్ళు మండిపోయింది. ఆయన సందులోకి రాగానే ఎదురు నిలబడింది. పరశురాములు భార్యను చూశాడు, కూతురిని చూశాడు, బ్యాగు చూశాడు. ఏమైందని అడిగాడు.

"ఏం కాలే. పోయొస్త అంటున్నవ్ గద, ఇన్న. నోరు బాగనే తిరుగుతుంది" అంది ప్రమీల.

దీప తల్లి చెయ్యి పట్టుకుని, రోడ్డు మీద వద్దమ్మా అంది.

"రోడ్డు మీదనే దొరికిండు మీ నాయిన. ఇంట్ల దొరుకుతడా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "రెండేండ్లాయె. పొద్దున లేస్తవ్, చెప్పులేస్కుంటవ్, పోతవ్. చావింట్ల నుంచి లేసి పోయినట్టు పోతవ్. పోరడు సచ్చిపోయిండు, నిజమే. నేను సావలే గద. నేను గాడనే ఉన్న గద."

పరశురాములు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. మిల్లులో నుంచి ఊక దుమ్ము సందులోకి వస్తోంది. ఎప్పటిలాగే వెనక్కి తిరిగి పోతాడనుకుంది ప్రమీల. పోలేదు.

"మహేశు అడిగిండు" అన్నాడు.

కొడుకు పేరు ఆయన నోట విని తల్లీకూతుళ్ళిద్దరూ కదలకుండా నిలబడిపోయారు.

"ఆఖరి నెల చుట్టాలు వస్తుండె, పోతుండె. నువ్వు వంటింట్ల ఛాయ్ పెడుతుంటివి. మీ అన్న లేసి పోయిండు, మా అక్క పోయింది. ఎవ్వరు చెప్పలే. పోరడు అందర్ని సూసి సూసి, 'నాయినా, అందరు చెప్పకుండ పోతుండ్రేంది? నేను అప్పుడే పోయిన్నా?' అన్నడు. నాకేం జెప్పాల్నో తోచలే. బస్సు యాళ్లయింది బిడ్డా, మర్శిపోయిండ్రు అన్న. వాడు నవ్విండు."

ప్రమీలకు ఆ రోజు గుర్తుకొచ్చింది. ట్రేలో ఛాయ్ గ్లాసులు పెట్టుకుని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. తాగకుండానే పోయారేమిటని విసుక్కుంది. కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టిందనుకుని దుప్పటి కప్పింది.

"గప్పటి సంది పాల ప్యాకెట్‌కు పోయినా వానికి చెప్పి పోయిన" అన్నాడు పరశురాములు. "ఆఖరుకు ఆక్సిజన్ తేనీకి పోతు, పోయొస్త బిడ్డా అన్న. చెయ్యి లేపిండు. నేను వచ్చేసరికి ఖతం. ఆ గడప కాడ ఆ మాట వాంది ప్రమీలా. మల్ల నాకు రాలే. వీళ్ళ ఇండ్లల్ల వస్తది. గాడ రాదు. నీ మీద కోపం గాదు."

దీప ఏడుస్తూ తండ్రి భుజం పట్టుకుంది. ప్రమీల కళ్ళ వెంట కూడా నీళ్ళు కారుతున్నాయి గానీ ఆమె కోపం చల్లారలేదు. కొడుకు గుండెలో అంత మాట పెట్టుకుని పోయాడని ఇప్పుడు, ఈ సందులో తెలుస్తోంది. అంతకన్నా కోపం రావడానికి ఏం కావాలి?

"నాకెందుకు చెప్పలే?" అంది. "నేను వాని తల్లిని కాదా? ఊరందరి దుఃఖం ఇంటవ్. నాది ఎన్నడన్న ఇన్నవా? చుట్టాలు వానికేం చేసిండ్రో, రెండేండ్ల సంది నువ్వు నాకదే చేసినవ్. నేను గూడ బతికుండంగనే పోయిన్నా?"

ఆ మాటకు పరశురాములు గోడ పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎందరి ఇళ్ళలోనో ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చున్న మనిషి ఏడుస్తుంటే పక్కన కూర్చోవడానికి ప్రమీలకు కాళ్ళు వంగలేదు. అప్పటికి ఆమెవల్ల కాలేదు, అంతే. బస్సు వస్తోందని దీప అంది. ఇద్దరూ వెళ్ళి ఎక్కారు. ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

బస్సు కదిలాక చూసుకుంటే తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉంది. ఆయన రోడ్డు దాకా వచ్చి నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి విసిరింది. అది వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర మట్టిలో పడింది. వంగి తీసుకున్నాడు.

ఆ రాత్రి కోదాడలో ఆమెకు ముద్ద మింగుడు పడలేదు. ఆయన తిన్నాడో లేదో అనే ఆలోచన వస్తే, తినకపోతే తినకపోనీ అనుకుంది. కాసేపటికి మళ్ళీ అదే ఆలోచన వచ్చింది. కొడుకు అడిగిన మాట ఆ మనిషి రెండేళ్ళు ఒక్కడే మోశాడు. చెప్పకపోవడం తప్పే. కానీ చెప్పి ఉంటే ఆ రోజుల్లో తను తట్టుకునేదా? ఏమో. తను మాత్రం మహేశు పేరు ఎత్తినప్పుడల్లా ఏడవడానికి ఎత్తింది తప్ప, నీకెట్లుంది అని ఆయనను ఒక్కనాడూ అడగలేదు. అది కూడా ఆ చీకట్లోనే తోచింది.

మరునాడు పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఫోన్ మోగింది.

"నేనే" అన్నాడు పరశురాములు.

"ఊఁ" అంది ప్రమీల. ఆయన ఊఁ ఆయనకే అప్పగించినట్టయింది.

"గడప కాడున్న" అన్నాడు. నిడమనూరులో ఎవరో ముసలామె చాలా బాధపడుతోందట, గౌరీబాయి రమ్మందట. అంత వరకు చెప్పి ఆగిపోయాడు. ఫోన్‌లో లారీ హారన్, దానియేలు వాళ్ళ ఇంట్లో పిల్లల గోల వినిపించాయి. ఫోన్ పెట్టేశాడేమోనని ఆమె చెవికి గట్టిగా ఆనించుకుంది. ఊపిరి వినిపించింది. మనిషి అక్కడే ఉన్నాడు.

"ప్రమీలా" అన్నాడు చాలాసేపటికి. "పోయొస్త."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. పెళ్ళయిన కొత్తలో వీధి చివరి నుంచి వినిపించిన మాట అది. కొడుకు ఆఖరుసారి విన్న మాట అది.

"పోయి రా" అంది. చెంపలు తుడుచుకుని, "సింకు కింద బకెట్ పెట్టినవా? ఇల్లంత నీళ్ళయితయ్" అంది.

"పైపు మార్పిచ్చిన" అన్నాడు.

ఫోన్ పెట్టి, ప్రమీల ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. లోపలి గదిలో ఉన్న కూతురిని పిలిచి మిర్యాలగూడ బస్సు ఎన్నింటికని అడిగింది. దీప ఆశ్చర్యంగా బయటికి వచ్చింది.

"నిన్ననే కదమ్మా వచ్చావు. అప్పుడే వెళ్ళిపోతావా?"

"మీ నాయిన పోయొస్త అన్నడే" అంది ప్రమీల, లేచి చీర సర్దుకుంటూ. "వచ్చేసరికి ఇంట్ల మనిషుండాలె గద."