నాలుగు గంటల నాడి

ఆ ఉదయం కోదండపాణి ఇంట్లో తలుపు, కాఫీ యంత్రం, మంచం ఒకదాన్నొకటి గుర్తుపట్టడం మానేశాయి. ఆయన లేచిన సంగతి మంచం చెప్పలేదు కనుక కాఫీ కాలేదు. ఎదురుగా నిలబడ్డది ఇంటి మనిషేనని తలుపు నమ్మలేదు. భీమిలి తీరంలోని ఆ ముప్పై అంతస్తుల భవనమంతటా అదే గొడవ. 2079 జూన్‌తో పాత వైఫై తరంగాలకు గడువు తీరిపోయింది. ప్రతి ఇల్లూ వారంలోగా కొత్త వైర్‌లెస్ జాలాన్ని ఎంచుకోవాలి.

కాఫీ సంగతి ఎలా ఉన్నా, ఆయన బెంగంతా భార్య భ్రమరాంబ గుండె మీద ఉండే హృదయపట్టీ గురించే. గుండె లయ తప్పబోయే ముందే ఆ పట్టీ కనిపెడుతుంది. ఇంటి జాలం ద్వారా ఆస్పత్రికి కబురు పంపి, తలుపు తెరిపించి, లిఫ్టును ఆపి ఉంచుతుంది. జాలం లేకపోతే అది వట్టి గుడ్డముక్క.

కోదండపాణి ముప్పై ఏళ్లు తరంగ తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యాడు. దొంగ ప్రసారాలు పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. అనుమానం ఉద్యోగంతో పాటు రిటైర్ కాలేదు. మార్కెట్లో మూడు జాలాలున్నాయి. మొదటిదానికి హృదయపట్టీ భాష తెలియదు. రెండోది ఇంటి వివరాలన్నీ కంపెనీకి పంపుతుంది. మూడోది శ్వాసజాలం. దాన్ని రూపొందించిన శాస్త్రవేత్తల్లో ఒకరైన నౌషీన్ స్వయంగా బిగించడానికి వచ్చింది.

"ఇది మాటలు వినదు సార్, ఫొటోలు తీయదు," అంది నౌషీన్. "గదిలో తిరిగే రేడియో తరంగాలు మనిషి ఒంటికి తగిలి కొద్దిగా మారతాయి. ఆ మార్పును బట్టి ఎవరు ఎక్కడున్నారో, ఊపిరి ఎలా ఉందో తెలుసుకుంటుంది. మీరు చెప్పకుండానే వస్తువులన్నీ పనిచేస్తాయి."

"తెలుసుకున్నది ఎవరికి చెబుతుంది?"

"ఆపద వస్తే ఆస్పత్రికి. మామూలప్పుడు ఇంట్లోవాళ్లు ఏదైనా అడిగితే జవాబు చెబుతుంది. అంతే."

"అంతేనని అందరూ అంటారమ్మా."

నౌషీన్ వెళ్లగానే ఆయన అటక మీది తరంగమాపకం దించాడు. పదిహేను రోజులు గోడగోడకీ పెట్టి చూశాడు. బయటికి ఏమీ పోవడం లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. అసలు ఇది నిజమే చెబుతోందా?

పరీక్షించడానికి భార్య గురించి అడగడం మొదలుపెట్టాడు.

"భ్రమరాంబ ఎక్కడుంది?"

"వంటగదిలో. నాడి డెబ్బై నాలుగు."

వెళ్లి చూస్తే వంటగదిలోనే ఉంది. మర్నాడు నాలుగుసార్లు అడిగాడు. ఆ తర్వాత లెక్కపెట్టుకోలేదు. అప్పుడే ఒక సంగతి బయటపడింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె నడకకని కిందికి వెళుతుంది. ఒకరోజు ఆ వేళకీ అడిగాడు. పట్టీ భవనంలో ఎక్కడున్నా జాలానికి సంకేతం పంపుతూనే ఉంటుంది.

"ఇంట్లో లేరు. నాడి నూట పన్నెండు. ఆపద లక్షణం కాదు," అంది జాలం.

"నడుస్తోందా?"

"లేదు. ఒకేచోట కూర్చుని ఉన్నారు."

కోదండపాణి కుర్చీలోంచి లేచాడు. కూర్చున్న మనిషికి నూట పన్నెండేమిటి? ఎవరి ఎదురుగా కూర్చుంది? అయిదున్నరకు ఆమె తిరిగొచ్చినప్పుడు మొహంలోకి చూశాడు. బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి.

"నడక బాగా జరిగిందా?"

"ఆఁ, జరిగిందండీ," అని ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది.

అబద్ధం. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయనకు తెలిసి ఇదే మొదటిది. నోరు తెరిచి అడగలేకపోయాడు. మంచం మీద కూర్చుని జాలానికే మెల్లగా చెప్పాడు. "రేపు నాలుగింటికి ఆ పట్టీ ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో నాకు చెప్పు."

మర్నాడు నాలుగు దాటింది.

"పట్టీ ఎక్కడుంది?"

"పడకగదిలో. తీసి ఉంది."

పరుగున వెళ్లి చూశాడు. దిండు మీద పట్టీ మడతపెట్టి ఉంది. భ్రమరాంబ ఇంట్లో లేదు. ఆయన చెప్పులేసుకుంటుండగా పన్నెండో అంతస్తు సుగుణమ్మ ఫోను చేసింది. "అన్నయ్యగారూ, వదిన పడిపోయారు. తొందరగా రండి!"

ఆస్పత్రిలో ఆమె కళ్లు తెరవడానికి రెండు రోజులు పట్టింది. పట్టీ ఒంటి మీదుంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు విసుక్కున్నాడు.

"ఎందుకు తీశావు?" అన్నాడు కోదండపాణి.

"రోజూ నాలుగింటికి అష్టాచెమ్మా ఆడుకుంటున్నానండీ. సుగుణమ్మ ఇంట్లో నలుగురం. ఓడితే అరుస్తాం, గెలిస్తే ఇంకా అరుస్తాం. గుండె కొట్టుకోదేటి? పట్టీ వల్ల మీకు తెలిస్తే ఒంటికి మంచిది కాదని మాన్పించేస్తారు."

"పట్టీని బట్టి నేను నీ ఆరా తీస్తున్నానని నీకెవరు చెప్పారు?"

ఆమె దుప్పటి అంచు సర్దుకుంది.

మూడో రోజు నౌషీన్ జాలం లెక్కలు చూపే తెరపలక పట్టుకుని వచ్చింది. జరిగింది విని ఆమె చాలా నొచ్చుకుంది. "శ్వాసజాలంలో మౌనరీతి అని ఇంకొకటుంది. పట్టీని కాపాడుతుంది, ఆపదొస్తే కబురు పంపుతుంది. కానీ మనుషులు ఏమడిగినా జవాబు చెప్పదు. మీ ఇద్దరి వేలిముద్రలూ కావాలి."

"ఇటివ్వండి," అన్నాడు కోదండపాణి సిగ్గుపడుతూ. "తప్పు నాదే. అడిగిందంతా నేనే."

నౌషీన్ పలక వైపు చూసి తటపటాయించింది. "మీరొక్కరే కాదు సార్. నెలలో మీరు అడిగినవి నాలుగు వందల పది ప్రశ్నలు. మేడమ్ అడిగినవి నాలుగు వందల ముప్పై."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వేం అడిగావు?"

భ్రమరాంబ తల దించుకుంది. "ఒకటే అడిగేదాన్ని. 'ఈయన నా గురించి ఏం అడిగారు?' అని."

నౌషీన్ పలకను ఇద్దరి మధ్యా మంచం మీద పెట్టి, వేలు పెట్టాల్సిన చోటు చూపించింది.

"ముందు మీరు పెట్టండి," అంది భ్రమరాంబ.

"నువ్వు పెట్టు, ఆ తర్వాత నేను పెడతాను," అన్నాడు కోదండపాణి.

నౌషీన్ చాలాసేపు ఎదురుచూసింది.