పుట్టుమచ్చ మీది పూస

ఉదయం 9:40. ఆస్పత్రి రెండో అంతస్తు. ఫిల్ముల గది.

పోయినేటి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఫిల్ము మాయమైందని పోలీసులకు ఫిర్యాదు. కంప్యూటర్లో మాత్రం ఫిల్ము భేషుగ్గా ఉంది. పేరు సరే. తేదీ సరే. కాదంటున్నది పేషెంటు ఒక్కతే.

"అది నాది కాదు మేడమ్," అంది ఆమె. ఇంట్లో అందరూ చిట్టి అంటారట. రేపటి నుంచి కీమో.

ఇన్‌స్పెక్టరుకు పెళ్లయి ఇరవై రోజులు. పొద్దున తన ఎడమ బూటులో భర్త చాక్లెట్టు దాచాడు. లిఫ్టులో అది తలుచుకుని ఒక్కతే నవ్వుకుంది. ఈ గదిలోకి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. చిట్టి భర్త భార్యకు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పోయినేడు ఏం చెప్పారు?"

"సాదా గడ్డే, భయం లేదంది మా వదిన."

వదిన అంటే భర్త అక్క. ఈ గదికి పెద్ద, స్కానింగ్ డాక్టరు.

"ఇప్పుడు?"

"అప్పుడే సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీకి వెళ్లమందట. నేనే వెళ్లలేదట. రిపోర్టులోనూ అలాగే ఉంది."

భర్త గిర్రున తిరిగాడు. "మా అక్క అబద్ధం చెప్పదు మేడమ్. నన్నెత్తుకుని పెంచింది. ఈవిడకి సూదంటే భయం. దాచిపెట్టి ప్రాణం మీదికి తెచ్చుకుంది."

అతను ఆమెతో మంచిగా మాట్లాడి పదకొండు రోజులైంది.

10:25. క్యాన్సర్ డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టాడు.

"పోయినేటి గడ్డకి అంచంతా ముళ్లు. అలాంటివి ఎక్కువగా హార్మోన్ రకం. ఇసుక రవ్వల్లా సున్నపు చుక్కలుంటే హెర్-టూ రకమేమో అనుకుంటాం. ఈ ఏటిది చూడండి. గుండ్రం, నున్నటి అంచు. బయాప్సీలో ఈ రెండు రకాలూ కాని ట్రిపుల్ నెగెటివ్ అని తేలింది. ఆ రకం ఇలాగే పెద్దమనిషిలా కూర్చుని మోసం చేస్తుంది."

"అయితే మొదటిది ఈమెది కాదా?"

"రూపం చూసి ఒట్టేయలేను. కానీ ముళ్ల గడ్డ ఏడాదిలో నున్నబడటం నేనైతే చూళ్లేదు."

ఇన్‌స్పెక్టరు తెరకు ముక్కు ఆనించింది. ఈ ఏటి ఫిల్ములో గడ్డకు దూరంగా తెల్లటి చుక్క.

"ఇదేంటి?"

"పూస. ఫిల్ములో పుట్టుమచ్చని గడ్డ అనుకోకుండా దానిమీద అతికిస్తారు."

11:10. వదిన వచ్చింది. తెల్లకోటు మడత నలగలేదు.

"డాక్టరుగారూ, పుట్టుమచ్చకి పూస పెట్టడం ఎప్పుడైనా మర్చిపోతారా?"

"పదహారేళ్లలో ఒక్కసారీ లేదు. నా చేత్తో నేనే పెడతాను."

"చిట్టిగారికి కూడా?"

"మా మరదలికి మరీ ముఖ్యంగా."

"నిజమే," అంది చిట్టి. "పోయినేడు పెడుతూ, నీకు నగ పెట్టానే అని నవ్వింది."

ఇన్‌స్పెక్టరు పాత ఫిల్ము తెర మీద పెట్టింది. "మరి ఇందులో నగ ఏది?"

వదిన తెర దగ్గరికి వంగి చూసింది.

"ఈ ఫైలూ, రిపోర్టూ మార్చింది పదకొండు రోజుల క్రితమని కంప్యూటరే చెబుతోంది. బయాప్సీ ఫలితం వచ్చిన రోజు, మధ్యాహ్నం 1:52కి. పాస్‌వర్డు మీది. అనుమానం పుట్టించే గడ్డ కావాలని ముళ్లదాన్ని వెతికి తెచ్చారు. ఎవరిదో పాపం. ఏ రకానికి ఏ రూపమో తెలిసిన మీరే, ఆ ముళ్ల గడ్డ ఈమె రకానికి పొసగదని మరిచారు. పూసనీ మరిచారు."

వదిన కుర్చీలో కూలబడింది. "పోయినేడు నీ గడ్డ గుండ్రంగా, నున్నగా ఉంది చిట్టీ. ఎవరైనా సాదా గడ్డే అనుకుంటారు. బయాప్సీ ఫలితం చూసేసరికి భయమేసింది. పరువు పోతుందని..."

"అక్కా!" అన్నాడు తమ్ముడు. భార్య వైపు అడుగేశాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు తెలియక తప్పుగా చూశావు వదినా. దానికి నిన్నేమీ అనేదాన్ని కాదు. కానీ ఈ పదకొండు రోజులూ ఒకే ఇంట్లో, అన్నానికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన నన్ను తిడుతుంటే నువ్వు నాకు అన్నం వడ్డించావు."

చిట్టి చేతిసంచి తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి భర్తను చూసింది.

"మీరు రేపు కీమోకి రావక్కర్లేదు. నేను వెళ్లగలను. నాకు సూదంటే భయం లేదు."